తాళంకప్ప పెద్దగా గీస్తే తప్పా? (బొమ్మల గురించి మీ ప్రశ్నలు, మా జవాబులు)

ఈ నెల ఉత్తరాల్లో చాలావాటిది ఒకటే గొడవ, బొమ్మ బాగుందో లేదో దేన్నిబట్టి చెప్పాలి అని. అందుకే మిగతావి పక్కనపెట్టి వీటినే తీసుకున్నా. పొడుగు ఉత్తరాలు కుదించాను, ఊరి పేరు ఉంచి మనిషి పేరు తీసేశాను.

ప్రశ్న: మాస్టారూ, నేను గజపతినగరం దగ్గర ఒక హైస్కూల్లో డ్రాయింగ్ చెప్తాను. మొన్న పిల్లలకి "మా ఊరు" అని టాపిక్ ఇచ్చి బొమ్మల పోటీ పెట్టారు, ముగ్గురు జడ్జీల్లో నేనొకదాన్ని. విషయానికి పది, పనితనానికి పది, భావానికి పది అని కాగితం చేతిలో పెట్టారు. ఒకాయన ఊరి మొదట్లో జెండా పట్టుకున్న సైనికుడు, పక్కన దండం పెడుతున్న తల్లి ఉన్న బొమ్మకి ఫస్ట్ అన్నారు. ఇంకొకావిడ చెరువు, కొబ్బరిచెట్లు, నీటుగా షేడింగ్ వేసిన బొమ్మకి. నాకేమో ఏడో క్లాసు పాప గీసింది నచ్చింది. పెంకుటిల్లు, మూసిన తలుపు, తలుపులో సగం ఉన్నంత తాళంకప్ప, అరుగు మీద ఊరికే కూర్చున్న ముసలమ్మ, అంతే. ఆ పాప అమ్మానాన్న హైదరాబాద్ పనికెళ్ళిపోయారట. "తాళం అంత ఉంటాదా ఎక్కడైనా" అని మిగతా ఇద్దరూ నవ్వేశారు. పాపకి కన్సొలేషన్ కూడా రాలేదు. నా లెక్క తప్పా? (ఒక టీచర్, గజపతినగరం)

జవాబు: మీ లెక్క తప్పు కాదమ్మా, కానీ ఆ బొమ్మ మీకెందుకు నచ్చిందో ఇంకాస్త గట్టిగా అడుక్కోండి, ఎందుకంటే మిగతా ఇద్దరూ జారిన చోటే మనమూ జారొచ్చు. సైనికుడి బొమ్మకి ఫస్ట్ అన్న ఆయన మార్కులు బొమ్మకి వెయ్యలేదు, సైనికుడికి వేశారు. మన వైపు ఆర్మీకెళ్ళిన కుర్రాడు లేని ఊరు తక్కువ, ఆ గౌరవం నిజమైనదే, దాన్ని ఎవరం కాదనం, కాకపోతే అది ఆయన మనసులో ముందునుంచీ ఉన్నదే, ఆ డ్రాయింగ్ షీటు కొత్తగా తెచ్చింది కాదు. అలాగే వలస అనగానే మనకి గుండె కలుక్కుమంటాది, సంక్రాంతి వెళ్ళాక ఒక సాయంత్రం విజయనగరం స్టేషన్లో నిలబడి జనరల్ బోగీ వైపు చూసినవాళ్ళకి ఎవరికైనా అంతే. పాప వలస మీద గీసింది కదా అని మీరు మార్కులేస్తే ఆయన చేసిన పనే మీరూ చేసినట్టు. విషయం మీద మనకున్న ప్రేమని బొమ్మ ఖాతాలో వెయ్యకూడదు, నేను ఈసారి ఇన్ని పేజీల్లో చెప్పబోయేది ఈ ఒక్కమాటే అనుకోండి.

ఇప్పుడు తాళం దగ్గరికొద్దాం. మీరు రాసినదాన్నిబట్టి ఆ పాప బస్సు గియ్యలేదు, బ్యాగు పట్టుకుని వెళ్ళిపోతున్న అమ్మని గియ్యలేదు, ముసలమ్మ కళ్ళల్లో నీళ్ళు కూడా పెట్టలేదు. ఇలాంటి టాపిక్కి ఎవరికైనా ముందు తట్టేవి అవే, అవన్నీ వదిలేసి తాళం గీసింది. ఒకసారి ఆ తాళాన్ని ఉండాల్సిన సైజుకి తగ్గించి ఊహించుకోండి. అప్పుడది ఇంట్లోవాళ్ళు సంతకెళ్ళిన ఇల్లు అవుతాది, సాయంత్రానికి తిరిగొచ్చేస్తారు అనిపిస్తాది. తలుపులో సగం ఉంది కాబట్టే రోజూ బడి నుంచి వచ్చే పిల్లకి ఆ ఇంట్లో కనిపించేది అదొక్కటే అని మనకి తెలుస్తోంది. ఇంకోటి చూశారా, అరుగు మీద మనిషి ఉండగానే తలుపుకి తాళం ఉంది! నాయనమ్మ వేరేచోట పడుకుని పగలు కాపలాకొచ్చి కూర్చుంటోందా, లేకపోతే ఆ పిల్ల దృష్టిలో మనిషి ఉన్నా ఇల్లు మూసేసినట్టేనా? నాకు తెలీదు, మీరు ఆ పాపని అడగండి, నాకూ రాయండి. అడగాలనిపించేలా చేసింది ఆ బొమ్మే, వలస గురించి మనకి ముందే తెలిసినదేదో కాదు. ఈ మార్కులు మాత్రం అచ్చంగా బొమ్మవే.

అందుకే పది, పది, పది అని విడగొట్టిన ఆ కాగితమే నాకు నచ్చలేదు. తాళం సైజు పనితనం కింద తప్పు, భావం కింద ఒప్పు అని రెండు గళ్ళల్లో ఎలా రాస్తాం, ఉన్నది ఒకటే గీత కదా.

విషయాన్నిబట్టి బొమ్మకి స్థాయి ఇవ్వడం మన మండలంలో పుట్టిన జబ్బేం కాదు. 1667లో ఫ్రాన్స్ చిత్రకళా అకాడమీ తరఫున ఫెలిబియన్ అనే ఆయన దీనికి వరసే రాసిపెట్టాడు, అన్నిటికంటే పైన పురాణం చరిత్ర బొమ్మలు, తర్వాత మనుషుల రూపచిత్రాలు, ఆ కింద జంతువులు, ప్రకృతి, అట్టడుగున పళ్ళూ పూలూ గిన్నెలూ. ఆ అకాడమీలోకే 1728లో షార్డాఁ అనే ఆయన వంటింటి బొమ్మతో వెళ్ళాడు. అందులో ఏముందంటే, పొట్ట చీల్చి కొక్కేనికి వేలాడదీసిన టేకు చేప, లోపలి పేగులు ఎర్రగా తడిగా మెరుస్తుంటాయి, కింద ఆల్చిప్పల మీద ఒళ్ళంతా రోమాలు నిక్కబొడుచుకున్న పిల్లి, ఇటుపక్క కూజా, కత్తి. మన భావనపాడు రేవులో రోజూ కనపడే సరుకే, రెండోసారి తిరిగి చూడం. కానీ ఆ చేప తెల్లపొట్ట మీద కళ్ళూ నోరూ లాంటి ఆకారం మనల్నే చూస్తున్నట్టుంటాది, చూస్తూ చూస్తూ ఇది చచ్చిన ప్రాణి అన్న సంగతి మనకి మెల్లగా ఎక్కుతాది. అట్టడుగు మెట్టు విషయం, ఇప్పుడు పారిస్‌లో లూవ్ర్ మ్యూజియం గోడ మీద ఉంది.

రెండో జడ్జిగారి సంగతి. షేడింగ్ నీటుగా ఉందన్నారు, మంచిదే, చెయ్యి తిరగాలంటే సాధన ఉండాలి, దాన్ని తక్కువ చెయ్యను. కానీ చెరువు, మూడు కొబ్బరిచెట్లు, కొండల మధ్య సూర్యుడు, ఇది ఏ ఊరి చెరువు? గజపతినగరందా, కోనసీమదా? పోటీ పెట్టింది "మా ఊరు" అని కదా. ఆ పిల్లాడు నేర్చుకున్న బొమ్మని చక్కగా వేశాడు, తన ఊరిని చూసి వెయ్యలేదు. చేతి పనితనం ఉంది, కంటి పనితనం లేదు.

జడ్జీలకి టైం ఇవ్వరు అదొకటి. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో జనం గొప్పగొప్ప బొమ్మల ముందు ఎంతసేపు నిలబడుతున్నారో లెక్కగట్టి 2001లో అచ్చువేశారు, సగంమంది 17 సెకన్లు కూడా నిలబడలేదు. 17 సెకన్లలో ఇది సైనికుడు, ఇది చెరువు అన్న సంగతి తెలుస్తాది, నీటుగా ఉందో లేదో తెలుస్తాది, మూడోది తెలీదు. ఇంకో సంగతి, యార్బస్ అనే రష్యా శాస్త్రవేత్త చాలాకాలానికి ఇంటికి తిరిగొచ్చిన మనిషి ఉన్న ఒకే బొమ్మని ఒకే మనిషికి చూపించి ఒక్కోసారి ఒక్కో ప్రశ్న అడిగాడు, వీళ్ళు ఉన్నవాళ్ళా లేనివాళ్ళా, వీళ్ళ వయసెంత, వచ్చినాయన ఎన్నాళ్ళకి ఇంటికొచ్చాడు అని. ప్రశ్న మారినప్పుడల్లా కళ్ళు తిరిగే దారి మారిపోయింది, వయసు అడిగితే మొహాల మీదే తిరిగాయి, డబ్బు సంగతి అడిగితే బట్టలూ సామాన్ల మీదికి పోయాయి. అంటే జడ్జీల చేతిలో ఏ ప్రశ్న పెడితే వాళ్ళకి అదే కనపడుతుందన్నమాట. "విషయానికి పది" అని పైన రాసిచ్చినప్పుడే సైనికుడు సగం గెలిచేశాడు.

వచ్చేసారి మీరు జడ్జీగా వెళ్తే ఇలా చెయ్యమనండి. టాపిక్ కాగితం, పిల్లల పేర్లు, వెనకాల కథ ఏవీ లేకుండా బొమ్మలన్నీ గోడకి అంటించి ఒకసారి నడవండి. టీ తాగి రండి. వచ్చాక ఏ బొమ్మ ఏ మూల ఏముందో గుర్తుచేసుకుని రాయండి, గుర్తున్నవాటి దగ్గరికి మళ్ళీ వెళ్ళి ఎందుకు గుర్తుందో వేలుపెట్టి చూపించండి. వేలు బొమ్మలో ఒకచోట ఆగితే మార్కులెయ్యండి, బొమ్మ బయటున్న దేని మీదికో పోతే ఆగండి. ఈలోపు ఆ పాపకి ఒక స్కెచ్ పుస్తకం కొనిపెట్టండి, తాళం గురించి ఎవరేమన్నారో మాత్రం చెప్పకండి.

ప్రశ్న: మా ఉద్దానంలో కిడ్నీ జబ్బు సంగతి అందరికీ తెలిసిందే. దాని మీద కొందరు కుర్రాళ్ళు బొమ్మలేసి ప్రదర్శన పెట్టారు. ఎటు చూసినా ఏడుపు మొహాలు, కళ్ళ నుంచి రక్తం, అస్థిపంజరాలు. వచ్చినవాళ్ళంతా గుండె పిండేసిందన్నారు. మా చిన్నాన్నని డయాలసిస్‌కి తిప్పేది నేనే, నాకు మాత్రం ఏటీ అనిపించలేదు. నాది రాయి గుండెనా? (ఒక పాఠకుడు, పలాస)

జవాబు: కాదు బాబూ. మీకు ఆ సంగతి దగ్గరగా తెలుసు, అందుకే ఏమీ అనిపించలేదు. తెల్లారగట్ల బస్సు, వరసలో కూర్చోడం, సూది గుచ్చీ గుచ్చీ ఉబ్బిన చెయ్యి, దాహమేసినా లెక్కపెట్టుకుని తాగే నీళ్ళు, ఇవి మీరు రోజూ చూస్తున్నారు, ఆ బొమ్మల్లో వీటిలో ఒక్కటీ లేదు. అస్థిపంజరం ఏ జబ్బుకైనా సరిపోతాది. మిగతావాళ్ళు పిండేసిందన్నది అబద్ధం అనను, వాళ్ళకి ఉద్దానం అన్న మాటే చాలు, బొమ్మ పెద్దగా ఏమీ చెయ్యక్కర్లేదు.

మన అలంకారశాస్త్రం చదివినవాళ్ళకి ఇది కొత్తేం కాదు. శోకం, శోకం అని రసాన్ని పేరుపెట్టి చెప్పేస్తే దాన్ని దోషం కింద లెక్కేశారు మమ్మటుడి లాంటివాళ్ళు. కారణం చూపించు, మనిషి ఎలా కూర్చున్నాడో చూపించు, వచ్చిపోయే చిన్న చిన్న భావాలు చూపించు, రసం చూసేవాడిలో పుడతాది అన్నది భరతుడి కాలంనుంచీ ఉన్నమాట. ఏడుపు మొహం గీసేస్తే ఏడ్చే పని బొమ్మే చేసేసింది, ఇంక మనకి మిగిలిందేముంది?

కేటె కోల్విట్జ్ అని జర్మనీలో బొమ్మలూ శిల్పాలూ చేసే ఒకావిడ ఉండేది. ఆవిడ చిన్నకొడుకు పీటర్ పద్దెనిమిదేళ్ళవాడు, యుద్ధానికి పోయి 1914 అక్టోబరులో చనిపోయాడు. వాడికి స్మారకం చెయ్యాలని మొదలుపెట్టింది, మొదట అనుకున్నదాంట్లో కొడుకు శవం పడుకుని ఉంటాడు, తండ్రి తల దగ్గర, తల్లి కాళ్ళ దగ్గర. కొన్నేళ్ళు తంటాలుపడి అది వదిలేసింది, మళ్ళీ మొదలుపెట్టింది, చివరికి 1932లో బెల్జియంలో యుద్ధంలో పోయిన కుర్రాళ్ళని పాతిపెట్టిన చోట నిలబెట్టింది. చివరిదాంట్లో కొడుకు లేడు. మోకాళ్ళ మీద ఉన్న తండ్రి, మోకాళ్ళ మీద ఉన్న తల్లి, రెండు వేర్వేరు రాళ్ళ మీద, ఒకరినొకరు ముట్టుకోరు. తండ్రి రెండు చేతులూ చంకల కింద బిగించి ఒంటిని తనే పట్టుకుని ఉంటాడు, వదిలితే పడిపోతాడేమో అన్నట్టు. తల్లి తల వాల్చి ముందుకి ఒంగిపోయి ఉంటాది. కన్నీటి చుక్క ఎక్కడా లేదు. దుఃఖంలో మొగుడూ పెళ్ళాలు ఒకే ఇంట్లో ఉండి కూడా ఎవరికి వాళ్ళు ఒంటరిగా అయిపోతారన్నది మన ఇళ్ళల్లోనూ చూసే ఉంటారు, ఆ రెండు రాళ్ళ మధ్య ఖాళీలో ఉన్నది అదే. సొంత కొడుకు పోయిన మనిషికి బాధ తక్కువై అన్నేళ్ళు పట్టలేదు, ఆ బాధ రాయిలోకి ఎక్కడానికి పట్టింది.

అలాగే 1943 బెంగాల్ కరువులో జైనుల్ అబెదిన్ అనే చిత్రకారుడు చవక కాగితం మీద నల్ల ఇంకుతో వేసినవి, వీలైతే చూడండి. నాలుగైదు పొడి కుంచె గీతలు ఒక మనిషి, పక్కన ఒక కాకి. రంగు కూడా లేదు.

ఆ కుర్రాళ్ళని మాత్రం చులకనగా చూడకండి. పోస్టరు పని వేరు, జనాన్ని పిలిచి నిలబెట్టడం దాని పని, అది వాళ్ళు చేశారు. వాళ్ళలో ఒకడిని మీతోపాటు డయాలసిస్ సెంటర్‌కి తీసుకెళ్ళి, చిన్నాన్నగారు ఒప్పుకుంటే, ఆ నాలుగు గంటలూ పెన్సిలుతో పక్కన కూర్చోబెట్టండి.

ప్రశ్న: మా మావగారు పాత చందమామల మీది వపా (వడ్డాది పాపయ్య) గారి బొమ్మలు ఫ్రేములు కట్టించి హాల్లో పెట్టుకున్నారు. మా అబ్బాయి ఫైన్ ఆర్ట్స్ చదువుతున్నాడు, ఇవన్నీ ఇలస్ట్రేషన్లు, కేలండర్ ఆర్టు, దేవుళ్ళూ అందగత్తెలూ కాబట్టి జనానికి నచ్చుతాయి, ఇందులో డెప్త్ లేదు అంటాడు. ఇంట్లో రోజూ ఇదే రగడ, ఎవరివైపు మాట్లాడాలో తెలీట్లేదు. (ఒక గృహిణి, రాజాం)

జవాబు: అమ్మా, ఇద్దరూ బొమ్మని కాదు, విషయాన్నే చూస్తున్నారు. తాతగారు దేవుడు కాబట్టి దండం పెడుతున్నారు, మనవడు దేవుడు కాబట్టి తీసిపారేస్తున్నాడు.

అబ్బాయి మాటలో సగం నిజముంది, దాన్ని ఒప్పుకోవాలి. రవివర్మ 1894లో బొంబాయి వైపు ప్రెస్సు పెట్టి లక్ష్మినీ సరస్వతినీ అచ్చువేశాక ఆ ప్రింట్లు మన దేవుడి గూళ్ళల్లోకి చేరిపోయాయి. ఆ తర్వాత సిస్టర్ నివేదిత, కళావిమర్శకుడు ఆనందకుమారస్వామి లాంటివాళ్ళు ఇదంతా నాటకం స్టేజీలా ఉంది, పైపై అందమే అని గట్టిగానే విమర్శించారు. అంటే మీ ఇంటి రగడకి నూరేళ్ళు దాటిన వయసుంది.

కానీ వపా గారి విషయంలో అక్కడే ఆగిపోతే అన్యాయం. వడ్డాది పాపయ్య గారు 1921లో శ్రీకాకుళంలో పుట్టారు, 1992లో పోయారు, మనిషి ఎక్కువకాలం కశింకోటలో ఉండిపోయారు, డ్రాయింగ్ మాస్టారుగా చేశారు. మన జిల్లా మట్టిలోంచి వచ్చిన చెయ్యి అని చెప్పుకోడానికి నాకు గర్వమే, అయినా ఆ గర్వం కూడా మార్కుల్లో కలపను. విష్ణుధర్మోత్తరం అనే పాత సంస్కృత గ్రంథంలో బొమ్మల గురించి చిత్రసూత్రం అని ఉంది, అందులో ఒక శ్లోకం, "రేఖాం ప్రశంసంత్యాచార్యా వర్తనాం చ విచక్షణాః, స్త్రియో భూషణమిచ్ఛంతి వర్ణాఢ్యమితరే జనాః." గురువులు గీతని మెచ్చుకుంటారు, తెలిసినవాళ్ళు నీడల్ని, ఆడవాళ్ళు నగల్ని, మిగతా జనం రంగుల్ని అని. ఆడవాళ్ళ గురించి అన్నమాట నేను ఒప్పుకోను, నగల దగ్గరే ఆగిపోయే మగవాళ్ళు కావల్సినంతమంది. ఆ మాట పక్కనపెడితే ఒకే బొమ్మలో చూసేవాళ్ళు ఎక్కడెక్కడ ఆగిపోతారో అంత ముందే పట్టేశారు.

మీరు ఇలా చెయ్యండి. ఫ్రేము కిందికి దించి తెల్లకాగితంతో మొహం, కిరీటం, నగలు మూసెయ్యండి. దేవుడెవరో తెలియకుండా పోతాడు. ఇప్పుడు మెడ నుంచి పాదందాకా ఒంటి గీత ఎలా దిగిందో వేలితో పట్టుకుని రండి, నడుము దగ్గర వంపు తిరిగిన బరువు ఏ కాలి మీదికి పోయిందో, పమిట చెంగు ఆ వంపుకి ఎదురుగా ఎలా ఎగిరిందో చూడండి. వెనకాల ఆకాశం రంగు చీర అంచులోకి, చెంప మీదికి వచ్చి పడిందా లేదా చూడండి. నీటిరంగుల్లో ఒకసారి వేసిన మరక తుడిచేది ఉండదు, ఆ మెత్తదనం తెచ్చేటప్పుడు చెయ్యి ఎంత ధైర్యంగా పడాలో అబ్బాయికి మీకంటే బాగా తెలుసు, వాడి చేతే చెప్పించండి. ఇక ఇలస్ట్రేషన్ అంటే తక్కువ అన్న మాట నాకు ఎప్పుడూ మింగుడుపడదు, శ్రీకూర్మం గుళ్ళో ప్రదక్షిణ చేస్తుంటే గోడల మీద కనపడే బొమ్మలు కూడా కథ చెప్పడానికి వేసినవే, కథ చెప్పినంత మాత్రాన గీత చచ్చిపోదు.

అన్ని వపా బొమ్మలకీ ఒకే లోతు ఉందని నేనూ అనను. నెలనెలా అచ్చుకి అందించాల్సిన పని, కొన్నిట్లో మొహం అలవాటు మొహమే. ఏది అలవాటుగా వేశారు, ఏది మనసుపెట్టి వేశారు అని తాతా మనవడూ కూర్చుని విడదీసుకుంటే రగడ కాస్త పనికొచ్చేది అవుతాది. విజయనగరం అంట్యాకుల పైడిరాజు గారి పల్లెటూరి ఆడవాళ్ళ బొమ్మలు కూడా వాడికి చూపించండి, ఆయన మద్రాసులో దేవీప్రసాద్ రాయ్‌చౌధురి దగ్గర నేర్చుకుని వచ్చి కూడా మన ఊరి గీతలోనే వేశారు.

ప్రశ్న: సీతంపేట వైపు సవర గిరిజనుల బొమ్మలని బ్యాగుల మీదా, ఆఫీసు గోడల మీదా వేస్తున్నారు. ఎవర్ని అడిగినా గొప్ప కళ అంటారు. నిజం చెప్పాలంటే పుల్లల్లాంటి మనుషులు, మా నాలుగేళ్ళ గుంటడు గీసినట్టే ఉంటాయి. ఇందులో స్కిల్ ఏటుంది సార్? (ఒక పాఠకుడు, పాలకొండ)

జవాబు: ఉన్నదున్నట్టు రాశారు, అది నాకు నచ్చింది, గొప్ప కళ అని వినికిడి మీద తలూపడం కంటే ఇది మేలు.

పనితనం అంటే ఫోటోలా ఉండడం అని మనకి స్కూల్లోనే ఎక్కిపోయింది. ఏ పనికోసం వేశారో తెలియకుండా పనితనం కొలవలేం తమ్ముడూ. సవర ఇంట్లో ఈ బొమ్మ అందం కోసం వెయ్యరు. ఎర్రమట్టి పూసిన గోడ మీద బియ్యప్పిండి నీళ్ళతో, నలిపిన పుల్ల కుంచెగా చేసుకుని వేస్తారు. ఇంట్లో జబ్బు చేసినప్పుడు, పంట రావాలనుకున్నప్పుడు, పోయిన పెద్దల్ని నిలుపుకోవాలనుకున్నప్పుడు వేస్తారు. మొదట చుట్టూ అంచు వేసుకుంటారు, అది ఆ పెద్దకి ఇల్లు, తర్వాత అంచు నుంచి లోపలికి నింపుకుంటూ వస్తారు, మనుషులు, గుర్రాలు, ఏనుగులు, చెట్లు, సూర్యుడు, చంద్రుడు, కాలం మారాక సైకిలు, విమానం కూడా. గిరిజనుల జీవితం మీద పరిశోధన చేసిన వెరియర్ ఎల్విన్ ఒడిశా వైపు సవర ఊళ్ళల్లో తిరిగి 1950ల్లో రాసినదాంట్లో నన్ను పట్టేసిన సంగతి ఒకటుంది. బొమ్మ అయ్యాక పూజ చేసేవాళ్ళు ఆ పోయిన పెద్దని పిలిచి చూడమంటారు, ఆయన ఇది లేదు, అది కావాలి అంటే బొమ్మలో చేర్చాలి. ఈ బొమ్మకి అసలు ప్రేక్షకుడు, జడ్జి, చనిపోయిన తాతే! మనం మధ్యలో వచ్చి చూస్తున్నవాళ్ళం.

ఇక్కడ విషయం, పనితనం, భావం మూడూ విడదీసి చూడ్డానికి చోటే లేదు. తాతకి గుర్రం కావాలంటే గుర్రం ఉండాలి, అది విషయం. ఇల్లు నిండుగా ఉండాలి, కిక్కిరిసిపోకూడదు, అది పనితనం. మీ గుంటడి చేత ఒకసారి వేయించి చూడండి, మనుషులు పెట్టగలడు, ముందు పెన్సిలుతో గీసుకోకుండా అంచు నుంచి మధ్యకి వచ్చేసరికి వరసలు సరిగ్గా సరిపోయేలా, ప్రతి మనిషీ నడుస్తున్నట్టు ఉండేలా పెట్టలేడు. నాకైతే మోకాలి దగ్గర ఆ చిన్న మడత చాలు, వరసంతా కదులుతున్నట్టు ఉంటాది.

బ్యాగుల మీద వేసినవాటి గురించి కూడా అడిగారు. అక్కడ చూసేవాడు మారిపోయాడు. కొనేవాడికి సరిపడా నాలుగు మనుషులు, ఒక చెట్టు వేసి ఆపేస్తారు, అంచు ఉండదు, అంటే ఇల్లు లేదు. వేసేవాళ్ళకి పూట గడవాలి, వాళ్ళని తప్పుపట్టను, కొనండి కూడా, బేరం ఆడకుండా కొనండి. కానీ బ్యాగుని చూసి గోడ బొమ్మకి మార్కులు వెయ్యొద్దు.

ప్రశ్న: ఏఐతో రైతు బొమ్మ ఒకటి చేశాను, మా నాన్న కోసం. వరిచేలో కొడవలి పట్టుకుని, మొహం నిండా ముడతలు, వెనకాల సూర్యుడు. స్టేటస్ పెడితే అందరూ కన్నీళ్ళొచ్చాయన్నారు. మా నాన్న మాత్రం చూసి "ఎవరీయన" అన్నారు. ఆయన ఎడమచేతివాటం మనిషి, మాటలు తక్కువ, నచ్చలేదేమో. ఇది కళ అవుతాదా కాదా? (ఒక పాఠకుడు, నరసన్నపేట. బొమ్మ కూడా పంపారు)

జవాబు: కళ అవునా కాదా అన్నది నాకు అంత ముఖ్యం అనిపించట్లేదు, మిషన్‌తో చేసినా చేత్తో చేసినా అడగాల్సింది ఒకటే. కన్నీళ్ళొచ్చాయన్నవాళ్ళు ఎవరికోసం కన్నీళ్ళు పెట్టుకున్నారు? వాళ్ళ వాళ్ళ నాన్నల కోసం, అది మంచి కన్నీరే, మీ బొమ్మ వాళ్ళకి ఒక సాకు. మీరు పంపింది పెద్దది చేసి చూశాను, ముడతలు వందల్లో ఉన్నాయి, అన్నీ ఒకేలా ఉన్నాయి, ఎండకి పడ్డవేవో వయసుకి పడ్డవేవో తేడా లేదు, చొక్కా మీద బురద లేదు, కోతకి వచ్చిన చేలో మనిషి నడుం వంచకుండా ఫోటోకి నిలబడ్డట్టున్నాడు.

ఆయనకి నచ్చలేదేమో అన్నారు. మీ బొమ్మలో కొడవలి కుడిచేతిలో ఉంది బాబూ, అన్ని కామెంట్లు పెట్టినవాళ్ళలో ఒక్కరైనా గమనించారా?